తట్ట మోసిన తలకి లెక్కేదీ?

సంక్రాంతి వెళ్ళిందంటే చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్ళే దారి పొడుగునా కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపిస్తాయి. ఇంకాస్త ముందైతే పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉంటాయి. బస్సు కిటికీలోంచి చూసేవాళ్ళకి ఎంత ముచ్చటో! ఆ ఎరుపు మన ఇళ్ళల్లో పచ్చడి జాడీల్లోకి వస్తుంది. ఆ తెలుపు మన ఒంటి మీద బట్ట అవుతుంది. మధ్యలో బస్సు ఒక కాలువ దాటుతుంది. వంతెన ఎక్కి దిగడానికి నిమిషం పట్టదు. "సాగర్ కాలవ" అని పక్క సీటావిడ పిల్లాడికి చూపిస్తుంది. దాన్ని ఎవరు తవ్వారని మాత్రం పిల్లాడూ అడగడు, మనమూ చెప్పం.

అడిగితే చెప్పడానికి మన దగ్గర ఉన్నవి కొన్ని పెద్ద పేర్లే. కృష్ణ ఆనకట్ట అంటే కాటన్ దొర, కెప్టెన్ ఓర్. నాగార్జునసాగర్ అంటే నెహ్రూ. కంభం చెరువు అంటే గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. ఒక్కచోటైనా ఆడమనిషి పేరు నిలిచింది, సంతోషమే. అయితే ఆవిడ కట్టించిన మనిషి. పలుగు పట్టిందీ, తట్ట మోసిందీ వేరేవాళ్ళు. వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు. ఆ సగం మంది సంగతే ఇవాళ మాట్లాడుకోవాలి. ఇది పాత కథ మాత్రమే కాదు. ఈ మధ్య వచ్చిన కొత్త చట్టాల్లో మట్టి పని చేసే ఆడవాళ్ళ పేరు ఉంటుందా, ఊడుతుందా అన్నది కూడా ఇందులోనే ఉంది.

గుంట కొలిచారు, మనిషిని కొలవలేదు

మట్టి పనికి కూలి ఎలా కడతారో మీకు తెలుసా? పొద్దున్న కొలత తాడు వేసి గుంట గీస్తారు. సాయంత్రం పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. లోతు తెలియడానికి గుంట మధ్యలో ఒక మట్టి దిమ్మెని తవ్వకుండా వదిలేస్తారు. అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మె సాక్ష్యం చెబుతుంది. ఆ లెక్క మీద డబ్బు ఇస్తారు.

తరతరాలుగా ఈ పనిలో ఆరితేరినవాళ్ళు వడ్డెరలు. మట్టి పని చేసే కుటుంబాలు కొన్ని, రాతి పని చేసేవి కొన్ని. చెరువు గట్టయినా, బావయినా, కాలవయినా, రైలు కట్టయినా వాళ్ళ చేతి మీదుగా లేవాల్సిందే. ఆ పని ఎప్పుడూ ఒక్క మనిషి పని కాదు. మగవాడు పలుగుతో తవ్వి పారతో ఎత్తుతాడు. ఆడది నెత్తి మీద గుడ్డ చుట్ట పెట్టుకుని తట్ట మోసుకెళ్ళి గట్టు మీద పోసి వస్తుంది. మేస్త్రీ బయానా ఇచ్చేది కూడా ఆలుమగల్ని కలిపి ఒక జంటగా లెక్కగట్టే. డబ్బు మాత్రం మగవాడి చేతిలో పడుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఒక అడుగు లోతు గుంట. అంటే నూరు ఘనపుటడుగుల మట్టి. దాని బరువు తక్కువలో తక్కువ నాలుగున్నర టన్నులు. తట్టకి ఇరవై కిలోలు ఎత్తినా రెండు వందల ఇరవై అయిదు తట్టలు. గుంట నుంచి గట్టు ఇరవై మీటర్ల దూరంలో ఉంటే రానూ పోనూ కలిపి ఆమె నడిచేది తొమ్మిది కిలోమీటర్లు. అందులో సగం నెత్తి మీద బరువుతో, పైగా గట్టు ఎక్కుతూ. అది నల్లరేగడి అయితే తడిసినప్పుడు తట్టకీ కాలికీ అంటుకుని వదలదు.

మరి ఈ తొమ్మిది కిలోమీటర్లకి కూలి ఎంత? ఇంజనీర్ల రేట్ల పుస్తకంలో దీనికి రెండు మాటలున్నాయి. మట్టిని మోసే దూరాన్ని 'లీడు' అంటారు, ఎత్తే ఎత్తుని 'లిఫ్టు' అంటారు. మొదట్లో కొంత దూరం, కొంత ఎత్తు దాకా మోత తవ్వకం రేటులోనే కలిసిపోతుంది. అది దాటితేనే పైన కలుపుతారు. అంటే పార పట్టిన మనిషి పనికి రేటు కట్టి, తట్ట మోసిన మనిషి పనిని అందులో కలిపేశారన్నమాట. వంటకి కూలి కట్టి, నీళ్ళు తోడటం, పప్పు రుబ్బటం అందులోనివే అన్నట్టు! ఇంటి పనికి లెక్క ఉండదని మనం అనుకుంటాం. కాలవ గట్టు మీద కూడా అదే జరిగింది.

కరువు కూలి కూడా తక్కువే

మన ప్రాంతంలో కాలవల చరిత్ర కరువు నుంచే మొదలైంది. 1832-33లో వచ్చిన నందన కరువుని గుంటూరు సీమలో డొక్కల కరువు అన్నారు. జిల్లాలో సుమారు అయిదు లక్షల మంది ఉంటే లక్షన్నర మందికి పైగా పోయారని అంచనా. మనుషులు చచ్చాక దొరతనానికి శిస్తు కూడా రాలేదు. ఆ తరవాతే బెజవాడ, సీతానగరం కొండల మధ్య 1852లో ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. డెల్టాకి కాలవలొచ్చాయి.

ఆ తరవాత ధాత కరువు వచ్చింది, 1876-78లో. పనికొచ్చినవాళ్ళకే తిండి అన్నారు. మద్రాసు నుంచి మన పెద్దగంజాం దాకా వచ్చే బకింగ్‌హాం కాలవలో, మద్రాసు నగరంలో అడయారు, కూవం నదుల్ని కలిపే భాగాన్ని 1877-78లో కరువు పనిగానే తవ్వించారు. అప్పుడు కలకత్తా నుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని కూలికి కొత్త కొలత పెట్టాడు. మగవాడికి రోజంతా కష్టం చేస్తే ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవాళ్ళకీ పనిచేసే పిల్లలకీ అంతకన్నా తక్కువ. ఒక పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి బతకడని మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. చివరికి 1877 మార్చిలో ధాన్యం కాస్త పెంచి కొంచెం పప్పు చేర్చారు.

చంటిబిడ్డకి పాలిచ్చే తల్లికి మగవాడికన్నా తక్కువ తిండి చాలని ఏ శాస్త్రం చెప్పింది? ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఆడకూలి అంటే సగం కూలి అన్న అలవాటు కొత్తేం కాదు. కరువులో కూడా అది కాగితం మీదకి ఎక్కింది, అంతే.

ఆ కరువు తరవాతే, ఇంకోసారి తిండి గింజలు చేరవేయడానికి దారి ఉండాలని, బళ్ళారి వైపు నుంచి నల్లమల దాటి కృష్ణ దాకా రైలు మార్గం వేశారు. 1880ల్లో గిద్దలూరు అవతల దిగువమెట్ట అడవిలో బొగద సొరంగం తొలిచారు, దొరబావి వంతెన నిలబెట్టారు. చలిజ్వరాల అడవి అది. 1899 నాటికి మద్రాసు-బెజవాడ లైను ఒంగోలు, చీరాల, బాపట్ల మీదుగా నడిచింది. ఆ కట్టల కింద ఎన్ని తట్టల మట్టి ఉందో! ఆ వంతెనల కొలతలు పుస్తకాల్లో ఉన్నాయి. మోసిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ లేదు.

సాగర్ నీళ్ళు వచ్చాక

స్వతంత్రం వచ్చాక సంగతి మారిందా? 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. పెద్ద యంత్రాలు కొనడానికి డబ్బు లేదు, మనుషులకి కొదవ లేదు. అందుకే అంత పెద్ద డ్యాముని రాతితో, మనుషుల చేతనే కట్టించారు. ఆ రోజుల ఫొటోలు చూస్తే వాలు బాటల మీద చీమల బారుల్లా జనం. పైట బొడ్లో దోపి, సున్నం, సిమెంటు, రాళ్ళు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలు, మన వడ్డెరలు, ఊళ్ళ నుంచి వచ్చిన దళిత కుటుంబాలు అందరూ అక్కడ ఉన్నారు.

కుడి కాలవ 203 కిలోమీటర్లు. దాని కింద పల్నాడు, వినుకొండ, దర్శి వైపు పదకొండు లక్షలకి పైగా ఎకరాలు తడిశాయి. జొన్న, సజ్జ పండే నేలల్లో వరి, పత్తి, మిరప వచ్చాయి. భూములకి రేట్లొచ్చాయి. గుంటూరు మిరప యార్డుకి దేశ దేశాల్లో పేరొచ్చింది. అయితే కాలవ తవ్విన వాళ్ళకి ఆ కాలవ కింద భూమి రాలేదు. ఒక పని అయిపోగానే గుడారం పీకి ఇంకో పనికి పోయారు. పాలమూరు కూలీలు దేశంలో ప్రాజెక్టు ఎక్కడ కడితే అక్కడ తేలారు. దేశానికి నీళ్ళిచ్చిన ఆ జిల్లాకే నీళ్ళు లేక వలసలు నడిచాయి.

ఇంకో విడ్డూరం చూడండి. ఆ నీళ్ళతో పండిన మిరప కోయడానికీ, పత్తి తీయడానికీ మళ్ళీ ఆడవాళ్ళే కావాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, ఆదోని, కోసిగి, కౌతాళం వైపు నుంచి ఇప్పటికీ కుటుంబాలకి కుటుంబాలు ఇళ్ళకి తాళాలేసి గుంటూరు సీమకి వస్తాయి. బడి మానేసి వెంట వచ్చే పిల్లలూ ఉంటారు. తల్లి తట్ట మోసిన కాలవ గట్టు పక్కనే కూతురు కాయ కోస్తోంది.

న్యాయస్థానం ఒకసారి లెక్క అడిగింది

సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లో వచ్చింది. అయితే ఏం? 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కట్టేటప్పుడు ఏం జరిగిందో సుప్రీంకోర్టు రికార్డుల్లోనే ఉంది. కూలీలకి రోజుకి 9 రూపాయల 25 పైసలు ఇస్తున్నామని కాగితం మీద రాశారు. జమేదార్లు తలకి రూపాయి పట్టుకుని మిగతాది మగవాళ్ళకిచ్చారు. ఆడవాళ్ళకి దక్కింది 7 రూపాయలు. తేడా ఎవరి జేబులోకి పోయిందో వేరే చెప్పక్కర్లేదు. కనీస వేతనం ఇవ్వకుండా పని చేయించుకోవడం వెట్టిచాకిరీయేనని కోర్టు అప్పుడు తీర్పు చెప్పింది.

మరుసటి ఏడు, 1983లో, రాజస్థాన్ కరువు పనుల కేసు వచ్చింది. అజ్మీర్ జిల్లాలో రోడ్డు పని. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. గుంపు మొత్తం చేసిన పని కొలిచి కూలి పంచడంతో కనీస వేతనం కూడా చేతికి రాలేదు. కరువు సాయం కదా అని ప్రభుత్వం తక్కువ ఇవ్వడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. టెంపుల్ దొర కూలికి నూట ఆరేళ్ళ తరవాత వచ్చిన జవాబు అది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండు కేసుల్లోనూ చట్టం లేక కాదు అన్యాయం జరిగింది. ఆడమనిషి చేతికి కూలి నేరుగా రాకపోవడం వల్ల ఒకచోట, ఆమె పనిని గుంపులో కలిపి కొలవడం వల్ల ఇంకోచోట జరిగింది.

పేరు రాసిన చోట ఏమైంది?

ఈ లెక్కని కొంతైనా మార్చింది 2005 నాటి ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే అది మొదలైంది. అందులోనూ మట్టి పనే, గుంటే, కొలతే. పాత రేట్లతో కొలిస్తే గట్టి నేలల్లో రోజంతా చేసినా కనీస వేతనం రాదని తేలింది. అప్పుడు మన రాష్ట్రంలో ఏ నేలలో, ఏ పనికి, మామూలు మనిషికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసి రేట్లు సవరించారు. ఎండాకాలం కొలత తగ్గించి అదనంగా కలిపారు. గుంపుకి వచ్చిన కూలిని ఆడా మగా తేడా లేకుండా పంచారు. ఆమె కూలి ఆమె ఖాతాలో వేశారు. మస్టరులో ఆమె పేరు విడిగా రాశారు. ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి, ఆమెకీ కూలి ఇవ్వాలన్నారు.

అన్ని చోట్లా సవ్యంగా జరిగిందని కాదు. డబ్బు ఆలస్యం, దొంగ మస్టర్లు, నీడకి టెంటు లేకపోవడం అందరికీ తెలిసినవే. అయినా ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని దినాల్లో సగానికి మించి ఆడవాళ్ళవే అయ్యాయంటే కారణం ఆలోచించండి. పని ఊళ్ళోనే ఉంది, కూలి సమానం, డబ్బు తన పేరు మీద వస్తుంది. చేలో పని ఇచ్చేవాళ్ళు కూడా ఆడకూలి కాస్త పెంచక తప్పలేదు. ఉపాధి పనికి పోతానని ఆమె అనగలిగింది మరి.

అసలు ప్రశ్న ఇప్పుడుంది

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది చేసింది. ఏడాదికి నూరు రోజుల బదులు 125 రోజుల పని అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. దాంతోపాటు వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో, మొత్తం అరవై రోజుల దాకా, ఈ పనులు ఆపవచ్చన్నారు. ఖర్చులో రాష్ట్రాల వాటా కూడా పెరిగింది.

మిరప కోతకి మనుషులు దొరకడం లేదని రైతులు పడే బాధ అబద్ధం కాదు. కాయ చెట్టు మీదే ఎండి రాలిపోతుంటే కౌలు రైతు ఇంట్లో ఇల్లాలికీ నిద్ర పట్టదు. అయినా వేరే పని దారి మూసేస్తే కోత కూలి ఎవరు నిర్ణయిస్తారు? కోతల కాలంలో పని ఆపితే, ఆ రోజుల్లో ఆడకూలి ఇంతకన్నా తగ్గడానికి వీల్లేదని ఎవరు హామీ ఇస్తారు? ఈ ప్రశ్న మన మహిళా సంఘాల సమావేశాల్లో రావాలి.

రెండోది, కార్మిక చట్టాల సంగతి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో ఇళ్ళ పనివాళ్ళే కాదు, కాలవలు, డ్యాములు, సొరంగాలు, రైలు మార్గాల పనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ కోసం సెస్సు వసూలు చేశారు, సంక్షేమ బోర్డులు పెట్టారు. ప్రసూతి సాయం, ప్రమాద సాయం అందులోనివే. కానీ నమోదు కావాలంటే ఏడాదిలో తొంభై రోజులు పని చేసినట్టు రుజువు కావాలన్నారు. జంట కూలిలో మొగుడి పేరు మీద పనిచేసిన మనిషి రుజువు ఎక్కణ్ణుంచి తెస్తుంది? రాయి జారి కాలు విరిగితే, ఆమె అక్కడ పని చేస్తోందని చెప్పే కాగితం ఏది?

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టాలు నాలుగు కోడ్‌లలో కలిసిపోయాయి. వేతనంలో ఆడా మగా తేడా చూపకూడదన్న మాట అలాగే ఉంది. పది మంది, అంతకు పైగా పనిచేసే చోట ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్న మాట కొత్తగా వచ్చింది. ఆ పత్రం తట్ట మోసే ఆమె చేతికి కూడా వస్తే ఇది నిజంగా పెద్ద మార్పు. రాకపోతే పాత కథే.

మన కళ్ళ ముందే పని జరుగుతోంది. నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా 309 కిలోమీటర్ల రైలు మార్గం 2011-12లో మంజూరైంది. పల్నాడులో కొంత భాగం మీద రైళ్ళు నడుస్తున్నాయి. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా పోవలసిన మార్గం అది. ఇప్పుడు కట్ట పోసేది జేసీబీలు, టిప్పర్లు. వందమంది జంటలు నెల రోజులు మోసే మట్టిని యంత్రం కొద్ది రోజుల్లో ఎత్తి పోస్తుంది. నెత్తి మీద బరువు తప్పితే మంచిదే, ఎవరూ కాదనరు. కానీ యంత్రం నడపడం నేర్పింది మగపిల్లలకే. తరాలుగా మట్టి పని తెలిసిన వడ్డెర ఇళ్ళల్లో ఆడవాళ్ళకి మిగిలింది రాయి కొట్టడం, చిల్లర మట్టి ఎత్తడం, సిమెంటు మీద నీళ్ళు చల్లడం. లేదంటే మిరప తొడిమలు తీయడం. బరువైన పని యంత్రానికి, మంచి కూలి మగవాడికి, మిగిలినది ఆమెకి!

మనం చేయగలిగింది

ఇదంతా మనకెందుకు అనిపించవచ్చు. మన ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు మోసిన ఆమెకి కూలి ఎవరి చేతికిచ్చాం? మేస్త్రీకి ఇచ్చేశాం. ఆమెకి ఎంత ముట్టిందో అడిగామా? ముందు అక్కడ మొదలుపెట్టవచ్చు. కూలి ఆమె చేతికే ఇద్దాం, మగవాడికి ఇచ్చినంతా ఇద్దాం. నమోదు కోసం ఆమె పని చేసిందని కాగితం అడిగితే సంతకం పెట్టి ఇద్దాం. ఊళ్ళో సోషల్ ఆడిట్ సభ జరిగితే వెళ్ళి, మస్టరులో పేర్లు గట్టిగా చదివించుకుందాం. చదువుకున్న ఆడపిల్లలు ఇంత సాయం చేస్తే, చదువు రాని తల్లులకి అది చిన్న సాయం కాదు.

గుంట మధ్యలో వదిలిన మట్టి దిమ్మె, కొలత అయిపోయాక తవ్వేస్తారు. ఆ మట్టిని కూడా తట్టకెత్తి మోసేది ఆమే. ఈసారి చిలకలూరిపేట దారిలో కాలవ దాటేటప్పుడు పిల్లలు అడగకపోయినా చెప్పండి: ఈ గట్టు అమ్మలు మోసి పోసిన మట్టి అని. మరి వాళ్ళ పేరు రాసే పుస్తకం ఏదని పిల్లలు అడిగితే? ఆ జవాబు మనం సిద్ధం చేసుకోవాలి.